వార్షిక నివేదిక 2024–25: హిగాషిచిచిబు గ్రామంలో కలంకారీ, వాషీ (జపాన్ చేతి కాగితం) నివాస శిబిరం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి వేడుకలు ఎప్పటిలాగే ఘనంగా జరిగాయి. పిల్లల తెలుగు బడి ఒక్క ఆదివారం కూడా ఆగలేదు. బడి ఉపాధ్యాయులకు, వంటల బాధ్యత మోసిన తల్లులకు, హాలు ఊడ్చి తాళం వేసేదాకా ఉన్న యువకులకు సంఘం తరఫున ధన్యవాదాలు. వీటి వివరాలు మీకు తెలిసినవే కాబట్టి, ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన పని దగ్గరికి వస్తాను.

జపాన్‌లోని సైతామా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) ఇంకా గ్రామంగానే మిగిలిన ఒకే ఒక్క ఊరు హిగాషిచిచిబు. అక్కడా, పక్కనున్న ఒగావా పట్టణంలోనూ చేసే హోసోకావా చేతి కాగితాన్ని 2014లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. జనవరిలో శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కలంకారీ దంపతులు మూడు వారాలకు పైగా ఆ ఊళ్లోనే ఉండి పనిచేశారు. ఒకప్పుడు మచిలీపట్నం వంటి రేవుల నుంచి డచ్చి ఓడల్లో వచ్చిన మన అద్దకం బట్టలను జపాన్ వాళ్లు 'సరసా' అని పిలిచి అపురూపంగా దాచుకున్నారు. ఈసారి బట్ట కాదు, ఆ బట్ట మీద గీసే చేతులే వచ్చాయి.

కాగితానికి వాడే కోజో మల్బరీ జాతి మొక్క. ఆకు రాలాక కొమ్మలు కోస్తారు, మోడు మళ్లీ చిగురిస్తుంది, చెట్టును చంపే పని లేదు. కోసిన కొమ్మలను పెద్ద చెక్క పీపా కింద ఆవిరి పట్టిస్తే ఊరంతా చిలగడదుంపలు ఉడికిన వాసన. పీపా ఎత్తగానే చన్నీళ్లు చల్లి, వేడి ఆరకముందే బెరడు ఒలవాలి. మచ్చలున్న నారను కూడా పారేయరు, దానితో ముతక కాగితం చేస్తారు. నార నీళ్లలో సమంగా పరుచుకోవడానికి తొరొరో-అఓయి అనే మొక్క వేరు జిగురు కలుపుతారు. కళాకారిణి ఆ జిగురును వేళ్ల మధ్య సాగదీసి చూసి, "ఇది మన బెండ జిగురే కదమ్మా" అన్నారు. నిజమే, అది బెండ కుటుంబానిదే. అనువదించి చెప్పగానే అక్కడి పెద్దావిడ ఆమె చేయి పట్టుకుని వదల్లేదు.

ఆ కాగితం మీద కలంకారీ గీయడానికి కావలసిన నల్లరంగు కోసం తుప్పు పట్టిన మేకులను బెల్లం నీళ్లలో వేశారు. చలికి పులియదేమోనని కుండను రాత్రీ పగలూ స్టవ్ పక్కనే ఉంచి కాపాడుకున్నాం. కరక్కాయ, పాలు పట్టించిన మొదటి కాగితం మీద గీత పాకిపోయింది. ఇంకా చిక్కటి పాలు తెచ్చి మళ్లీ పట్టించారు. చివరి వారంలో వెదురు కలం కదిలినప్పుడు పల్చగా పడిన గీత, మేం చూస్తుండగానే నల్లబడి నిలిచింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇల్లు ఇచ్చిన గ్రామస్థులకు, కాగితం పనివారికి, అనువాదం చేసిన మన విద్యార్థులకు, ఒగావామాచి స్టేషన్ నుంచి సామాను తన కారులో చేరవేసిన సభ్యుడికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

ఒక బాధ కూడా చెప్పాలి. బెరడు ఒలిచే రోజుకు 22 మంది పేర్లు ఇచ్చారు, వచ్చింది ఏడుగురు. మనవాళ్ల కోసం ఎదురుచూస్తూ ఆ ఊరి వృద్ధులు చలిలో నిలబడ్డారు. సహాయం అడిగిన ఒక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాం, ఒక్కదానికీ జవాబు లేదు. ముగింపు రోజున మాత్రం అక్కడి నుంచి ఫోటోకు ఇద్దరు వచ్చారు.

ఆదాయ వ్యయాల పట్టిక తనిఖీ చేయించి జత చేశాం. శిబిరం ఖర్చు విరాళాలతోనే గడిచింది, బడి నిధిని ముట్టుకోలేదు. కోశాధికారి గారికి ధన్యవాదాలు.

గీసిన కాగితాల్లో ఒకటి గ్రామంలో ఉంది, మరొకటి ఈ సభలో వేదిక పక్కన ఉంచాం, దగ్గరికి వచ్చి చూడండి. వచ్చే చలికాలం కోజో కోతకు పేర్లు ఈ రోజే రాసుకుంటున్నాం. ఇచ్చినవారు తప్పక రావాలి.

కార్యదర్శి