కుంగిన కమాను కట్టలు, అందులో నీ పాలు

రేయ్ మామా,

ఎట్లుండావు? కువైట్‌లో ఎండ అప్పుడే మొదలైందని మీ అమ్మ చెప్పింది. ఈడా తక్కువేం లేదులే. మామిడి పిందె మాత్రం ఈసారి బాగానే నిలిచింది. బేనిషా కొంత రాలింది గానీ బెంగళూర చెట్లు కొమ్మ కొమ్మకూ వేలాడతా ఉండాయి. కాయ కోతకు రాకముందే జీపు పని చేయించేద్దామని పోయినా. ఆ కథంతా రాద్దామని కూచున్నా. ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో నవ్వి చెడగొడతావు. ఉత్తరమైతే చచ్చినట్టు కడదాకా చదవాల.

ముందే చెప్తా ఉండా, ఈ ఖర్చులో నీ పాలుంది. 2009 ఎండాకాలం గుర్తుందా? తిరుపతి మీదుగా తలకోనకు పోయినాం. ఆ చిన్న బండిలో పదకొండు మంది, రెండు బిందెలు, బియ్యం మూట, గ్యాసు పొయ్యి. భాకరాపేట ఘాటులో గుంత వచ్చినప్పుడల్లా ఎనక ధన్ ధన్‌మని కొడతా ఉంటే, "మిలిటరీ పుట్టక పుట్టిన బండి రా, దీనికేం కాదు" అన్నది ఎవురు? నాయనకు ఇప్పటికీ గుర్తే. మొన్న జీపు కమాను కట్ట, అదే బరువు మోసే స్ప్రింగు ప్లేట్ల కట్ట, విప్పినప్పుడు ఆయన అన్న మొదటి మాట, "వాడికి కూడా ఒక బిల్లు పంపించు."

మన మహీంద్రా ఎంఎం 540 జీపు నీకు తెలీందేముంది. 1988 మోడలు, పూజో కంపెనీ డీజిలు ఇంజను. ఇంజను ఇప్పటికీ గుండ్రాయే. జబ్బంతా నడుములోనే. ఏండ్ల తరబడి ఎనక భాగం దిగిపోయి, బండి లేవలేని ఎద్దు మాదిరి కూచోనుండేది. ముందర మూతి ఆకాశంలోకి. రాత్రిపూట మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు మన హెడ్‌లైట్లు రోడ్డు మీద గాక చెట్ల తలల మీద పడేవి. ఎదురొచ్చే లారీలోళ్ళు లైటు కొట్టి కొట్టి, పక్కకొచ్చినాక ఇంత నోరు చేసుకోని తిట్టి పోయేవాళ్ళు. కోసిన కాయ నింపుకోని తోపు నుంచి వస్తా ఉంటే, చిన్న రాయి ఎక్కినా ఛాసిస్ కింది రబ్బరు గుబ్బకు ఎనక ఇరుసు హౌసింగ్ తగిలి వెన్నుపూస కదిలేది.

నేను చేసిన తిక్క పనులు ముందు చెప్పేస్తా, నవ్వుకో. తిరుపతిలో ఒక అంగడోడు షాకబ్సార్లు పోయినాయన్నాడు. రెండు కొత్తవి కొనేసినా. బిగించినాక బండి ఊగడం తగ్గింది గానీ అంగుళం కూడా లేవలే. లేవదు కూడా. షాకు పని ఊపును పట్టి ఆపడం, బరువు మోసేది కమాను. మెకానికల్ చదివిన నిన్ను ఒక్క మాట అడిగుంటే ఆ డబ్బులు మిగిలేవి.

దాని తరువాత షాకిల్ పిచ్చి పట్టింది. షాకిల్ అంటే కమాను కొసను ఛాసిస్‌కు తగిలించే లంకె. రెండంగుళాలు పొడుగైన షాకిళ్ళు చేయించి వేసినా. బండి అంగుళం లేచింది, అంతే. షాకిల్ ఉండేది కమానుకు ఒక కొసన గదా, అది రెండంగుళాలు పెరిగితే మధ్యలో కూచున్న హౌసింగ్ తావ దక్కేది సగమే. సరే అంగుళమన్నా లేచింది కదా అనుకుంటే, కొస దిగిన లెక్కకు హౌసింగ్ తిరిగి, దాని మూతి కోణం మారిపోయింది. యాభై దాటితే చాలు, కింద ఆ మూతికి ఇంజను తిప్పుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు గుర్రుమని మొత్తుకునేది. నెల తిరక్కుండా ఆ షాఫ్టు జాయింటు క్రాసు పోయింది. మలుపుల్లో బండి పక్కలకు తూగడం ఒకటి. అమ్మ ఎక్కనే ఎక్కనంది.

టెంపోలోడు ఒకడు, హౌసింగ్‌కూ కమానుకూ మధ్య ఇనప దిమ్మ పెట్టు, లేస్తుందన్నాడు. అదృష్టం బాగుండి కిందికి దూరి చూసినా. వాడి టెంపోలో కమాను హౌసింగ్ పైన ఉంటుంది. మన జీపులో హౌసింగే కమాను మీద కూచోనుంటుంది. మధ్యలో దిమ్మ పెడితే హౌసింగ్ పైకి పోతుంది, బండి ఇంకా కిందికి దిగుతుంది. పుణ్యానికి ఆ ఖర్చు తప్పింది.

చివరికి చిత్తూరులో లారీలకు కమాను పని చేసే షెడ్డుకు తీసకపోయినా. ఆ షెడ్డు భాయ్‌కి అరవై దాటింటాయి. మాట తక్కువ, చెవులు రోంత మందం. సమ్మెట దెబ్బల మధ్య నలభై ఏండ్లు బతికితే ఎవురికైనా అంతే. బండి చూసి మొదట చేసిందేందో తెలుసా? పానా పట్టలే. సిమెంటు గచ్చు మీద నిలబెట్టించి, లోపలుండే సామానంతా దింపించి, టేపు తెచ్చి చక్రం నడుము నుంచి మడ్‌గార్డు అంచుదాకా రెండు పక్కలా కొలిచినాడు. ఎడమ కంటే కుడి పక్క అంగుళంన్నర తక్కువ. "రెండు పక్కలా ఒకటే మాదిరి దిగితే వయసు. ఒక పక్క దిగితే లోపల ఏదో విరిగినట్టు" అన్నాడు. నేను ఏండ్లుగా రోజూ చూస్తా ఉండే బండి, ఒక్కసారన్నా టేపు పెట్టి కొలవలేదు చూడు.

ముందునాడు సాయంత్రమే, కట్టను హౌసింగ్‌కు బిగించే యూ బోల్టు నట్ల మీద డీజిలు పోసి నానబెట్టినాడు. అయినా తెల్లారి నాలుగిట్లో మూడు కదల్లేదు, కోసేసినాడు. యూ బోల్టు ఒకసారి బిగువు తిన్నాక సాగిపోయుంటుంది, మళ్ళా వాడకూడదంట. ఛాసిస్‌కు రెండు పక్కలా దిమ్మెలు పెట్టి నిలబెట్టి, హౌసింగ్ కింద వేరే జాకీ పెట్టి, అప్పుడు కట్ట దింపినాడు. ఉత్త జాకీ మీద బండి పెట్టి కిందికి దూరేవాణ్ణి షెడ్డులోకే రానీడంట.

కట్ట విప్పేటప్పుడు నేను ఉత్సాహంగా, ప్లేట్లన్నిటినీ మధ్యలో గుచ్చి పట్టే సెంటర్ బోల్టుకు పానా వేయబోతే చెయ్యి మీద ఒకటి కొట్టినాడు. ఏడు ప్లేట్లు ఒకదాన్నొకటి అణుచుకోనుంటాయి కదా, బోల్టు ఊడిందంటే పాము పడగెత్తినట్టు లేస్తాయి. క్లాంపు బిగించి, బోల్టు తీసి, క్లాంపును చిన్నగా వదిలినాడు. ఒక్కొక్క ప్లేటూ ఊపిరి వదిలినట్టు విడిపోయింది. మధ్యలోంచి రాలిన తుప్పు ఒక చాట నిండా వస్తుంది.

కుడి పక్క కట్టలో మూడో ప్లేటు, సరిగ్గా సెంటర్ బోల్టు బెజ్జం దగ్గర రెండు ముక్కలు. బయటికి ఏమీ కనపడదు మామా. పైన ప్లేటూ కింద ప్లేటూ నొక్కి పట్టుకోనుంటే విరిగిన సంగతి ఎట్ల తెలుస్తుంది? భాయ్ ఆ ముక్క నా చేతికిచ్చి చూడమన్నాడు. విరిగిన ముఖం సగం నల్లగా తుప్పు పట్టి నున్నగా ఉంది. మిగిలిన సగం పంచదార పలుకుల మాదిరి తెల్లగా, గరుగ్గా మెరస్తా ఉంది. "ఈ నల్లది ఎప్పుడో పగిలింది. రోజుకింత పాకింది. ఈ తెల్లది మొన్న తెగింది" అన్నాడు. ఆ నల్ల సగాన్ని చూస్తా ఉంటే నాకు తలకోన రోడ్డే కళ్ళ ముందర కదిలింది. నిజంగా ఆ రోజే మొదలైందో లేదో గానీ, నిందలో నీ పేరే రాసినాం.

ఇంకొకటి. కింది ప్లేట్ల కొసలు పైవాటిని తిని తిని, గోరు దూరేంత గాడి పెట్టేసినాయి. ఏడు మిల్లీమీటర్ల ప్లేటు అరిగి ఆరుకొస్తే పోయింది ఒక్క మిల్లీమీటరే కదా అనుకుంటాం. నీ చదువు ప్రకారం బిగువు మందానికి ఘనంలో గదా ఉండేది? లెక్కేస్తే మూడో వంతుకు పైగానే పోయినట్టు. భాయ్‌కి ఈ ఘనాలు తెలీవు. బొటనవేలితో తడిమి "ఇది పనికిరాదు, ఇది ఉండనీ" అని పక్కకు పెట్టేసినాడు. నేను మందం కొలిచే కాలిపరు తెచ్చి కొలిస్తే ఆయన పక్కన పడేసినవే సన్నంగా ఉండాయి.

అన్నిటికంటే పైనుండే మెయిన్ ప్లేటుకు పగులుందా లేదా చూసే పద్ధతి ఒకటి చూపించినాడు, అది నాకు బాగా నచ్చింది. ప్లేటును శుభ్రంగా రుద్ది, కిరసనాయిలు పూసి, కాసేపు నాననిచ్చి, పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి చల్లినాడు. పగులుంటే అందులో దాక్కున్న కిరసనాయిలు బయటికొచ్చి సుద్ద మీద వెంట్రుక మాదిరి గీత పడుతుంది. మన మెయిన్ ప్లేట్లలో గీత పడలే. దాని కొసనుండే చుట్టకు కాపలాగా కొస వంపు తిరిగుండే రెండో ప్లేటు కూడా బాగుంది. అందుకే కొత్త సెట్టు కొనకుండా ఉన్నదాన్నే నిలబెడదామన్నాడు. విరిగినదానికీ అరిగినవాటికీ బదులు కొత్త స్ప్రింగు స్టీలు పట్టీ కోసినాడు. బెజ్జం డ్రిల్లుతోనే వేసినాడు, గ్యాసుతో కాదు.

గ్యాసు మాట వచ్చింది గాబట్టి చెప్తా. 2019లో రోడ్డు పక్కన ఒకడు ఇదే కట్టలో కొన్ని ప్లేట్లను గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచి, బండిని రెండంగుళాలు లేపి ఇచ్చినాడు, నీకు ఫోటో కూడా పంపినా. మూడు నెలల్లో మళ్ళా మామూలే. ఆ కాల్చినవి కూడా ఇప్పుడు తీసేసిన ప్లేట్లలోనే పోయినాయి. భాయ్ చెప్తే అప్పుడు అర్థమైంది. కాల్చి వంచడం తప్పు గాదు, కంపెనీలోనూ కాల్చే వంచుతారు. కానీ ఆ వేడి మీదే నూనెలో ముంచి గట్టిపరచాల, మళ్ళా కొలతగా కాచి పదును సరిచెయ్యాల. అవి రెండూ చెయ్యకుండా గాలికి చల్లారబెడితే అది స్ప్రింగు గాదు, ఉత్త ఇనప పట్టీ. వంచితే వంగుతుంది, వంగినచోటే ఉండిపోతుంది. ఆ పొయ్యి, ఆ నూనె తొట్టి లేని చోట చల్లగానే కొట్టించుకోవడం మేలు.

ఆ కొట్టడం చూడాల నువ్వు! నేల మీద సుద్దముక్కతో కావలసిన వంపు గీసుకున్నాడు. రెండు దిమ్మెల మీద ప్లేటును లోవంపు పైకొచ్చేటట్టు పెట్టి, గుండ్రటి మూతి సమ్మెటతో దెబ్బ, అంగుళం జరుపుడు, మళ్ళా దెబ్బ. పదునైన అంచు తగిలితే ఆ గాటు దగ్గరే రేపు పగులు పుడుతుందంట. నాలుగు దెబ్బలకొకసారి గీత మీద పెట్టి చూసుకోవడం. పైదానికంటే కిందిది రోంత ఎక్కువ వంపు. అన్నీ ఒకదాని మీదొకటి పేరిస్తే మధ్యలో రూపాయి బిళ్ళ దూరేంత సందులు. సెంటర్ బోల్టు బిగిస్తే ఆ సందులన్నీ మూసుకోని కొసలు గట్టిగా కరుచుకున్నాయి. దించినప్పుడు చుట్ట నుంచి చుట్టకు దారం కట్టి కొలిస్తే కుడి కట్ట వంపు రెండంగుళాలే. ఇప్పుడు రెండు కట్టలూ నాలుగు.

ఈడ నా తిక్క మళ్ళా లేచింది. "భాయ్, ఇంకొక ప్లేటు వేసెయ్, జన్మలో దిగకూడదు" అన్నా. వద్దన్నాడు. నేను పట్టు పట్టినా. "బండి నీది, నడుమూ నీదే" అని వేసేసినాడు. ఎనిమిది ప్లేట్లతో ఖాళీ జీపు బంగారుపాళ్యం దాకా వచ్చేలోపల నా పండ్లు అన్నీ ఉండాయా లేదా అని నాలుకతో లెక్కపెట్టుకున్నా. అమ్మ ఒక్కసారి ఎక్కి దిగి, "దీనికంటే ఎద్దులబండి నయం" అనింది. ముప్పై కోడిగుడ్లు తెస్తే పంతొమ్మిది మిగిలినాయి. వారం తిరక్కుండా మళ్ళా షెడ్డుకు పోయి తీయించేసినా. భాయ్ ఏమీ అనలే, కూలి మాత్రం రెండోసారి కూడా తీసుకున్నాడు.

ఎట్లాగూ ఆ వారానికి యూ బోల్టులు మళ్ళా బిగించాల్సిందే. కొత్త కట్ట నాలుగు రోజులు తిరిగితే సర్దుకోని బోల్టు వదులైతుంది. వదులైతే సెంటర్ బోల్టు తెగి, హౌసింగ్ జరిగి, బండి పీత మాదిరి పక్కకు నడుస్తుంది. కమాను చుట్టల్లో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు కూడా చక్రాలు నేల మీద పెట్టి, బరువు కూచున్నాకే కడసారి బిగించినాడు. గాల్లో వేలాడతా ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చస్తుందంట. పొడుగు షాకిళ్ళు పీకి పాతవే వేయించినా. గుర్రుమనే మోత పోయింది. హెడ్‌లైట్లు దించినా. ప్లేట్ల మధ్య గ్రాఫైటు గ్రీజు పూసినాడు గాబట్టి కిర్రు కిర్రు లేదు. నాయన అలవాటు చొప్పున వాడేసిన ఇంజనాయిలు డబ్బా తెచ్చినాడు, రబ్బరు బుష్‌లు పాడైతాయని దాచేసినా. వెతుకుతా ఉండాడు.

నెలన్నర అయింది. బండి లేచినప్పటి ఎత్తులో అరంగుళం దిగి నిలిచింది, రెండు పక్కలా సమంగా. నాయన కొట్టం స్తంభం మీద సుద్దతో ఒక గీత గీసినాడు. ఖాళీ బండి నిలబెడితే మడ్‌గార్డు అంచు ఆ గీతకు తగలాల. దానికింద ఇంకొక గీత, ఎనిమిది క్రేట్లకు. అంతకు దిగితే బండి కదిలించనీడంట.

జూన్‌లో వస్తానన్నావు కదా, కోతకు సరిగ్గా వస్తావు. రా. క్రేటు ఇరవై రెండు కేజీలు, నువ్వు పోయినసారి ఎనభై ఎనిమిది అని చెప్పినావు. నాయన లెక్కేసి పెట్టుకున్నాడు. నువ్వు ఎనక ఎక్కితే నాలుగు క్రేట్లు దింపేస్తాడంట.

నీ క్లీనరు