పాత రూఫ్ జాక్‌కే కొత్త ఫర్నేస్ తగిలించిన విషయమై ఫిర్యాదు

డెట్రాయిట్ శివారు, మిషిగన్
జనవరి 9

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా మాన్యుఫాక్చర్డ్ హోమ్‌లో (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలిపిన ఇంట్లో) మీరు బిగించిన గ్యాస్ ఫర్నేస్ (ఇంటిని వేడి చేసే యంత్రం) పొగ ఇంట్లోకి రావడం, దానిని సరిచేయవలసిందిగా కోరడం.

అయ్యా,

గత అక్టోబరు చివరి వారంలో మా ఇంట్లోని పాత గ్యాస్ ఫర్నేస్‌ను తీసివేసి కొత్తది బిగించే పనిని మీ సంస్థకు అప్పగించాము. సంస్థను నడిపేది తెలుగువారే కాబట్టి, మా అత్తగారు కూడా చదివి సంతకం చేస్తానన్నారు కాబట్టి ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. జరిగిన దానివల్ల అందరికంటే ఎక్కువ బాధపడింది ఆవిడే.

మీరిచ్చిన ఫర్నేస్ గురించి మాకు ఫిర్యాదు లేదు. అది ఈ రకం ఇళ్ల కోసమే తయారైనదని దాని ప్లేటు మీద స్పష్టంగా ఉంది. మా ఫిర్యాదంతా దాని పొగను పైకప్పు దాటించవలసిన రూఫ్ జాక్ గురించి. మీ పనివారు 1990ల నాటి పాత రూఫ్ జాక్‌ను కదపకుండా అలాగే ఉంచి, దాని లోపలి గొట్టం కొత్త ఫర్నేస్ మూతికి సరిపోకపోతే చుట్టూ అల్యూమినియం టేపు వేసి, డబ్బు తీసుకుని వెళ్లిపోయారు.

డిసెంబరు 19 తెల్లవారుజామున మూడు గంటలకు హాల్లోని కార్బన్ మోనాక్సైడ్ (విషవాయువు) అలారం మోగింది. తెర మీద 84 అని ఉంది, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 84 పాళ్లు. పిల్లవాడిని దుప్పటిలో చుట్టుకుని, అత్తగారిని పట్టుకుని మంచులోకి వచ్చి, కారులో కూర్చుని 911కు ఫోన్ చేశాము. ఫైర్ సిబ్బంది వచ్చి గదిగదికీ కొలిచి, గ్యాస్ కంపెనీ మనిషిని పిలిపించారు. ఆయన ఫర్నేస్‌కు గ్యాస్ ఆపివేసి, దానిని వాడరాదని తెలిపే ఎర్ర చీటీ కట్టారు. అప్పటికి రెండు వారాలుగా అత్తగారికి పొద్దున లేవగానే తలనొప్పి, వికారం ఉంటున్నాయి. బయట నాలుగడుగులు నడిచి వస్తే తగ్గిపోతున్నాయి. తెనాలి నుంచి మొదటిసారి ఇంత చలికి వచ్చిన మనిషి కాబట్టి చలి పడలేదనుకున్నాము. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

మీ కార్యాలయానికి ఫోన్ చేస్తే, అలారం బ్యాటరీ పాతదై ఉంటుందనీ, రాత్రి పూట కిటికీ కొంచెం తీసి ఉంచమనీ చెప్పారు. ఈ సమాధానాన్ని నేను అంగీకరించలేను. ఇళ్లలో పెట్టే ఈ అలారాలు చిన్న తేడాకు మోగేవి కావు. గాలిలో పది లక్షల పాళ్లకు 70 పాళ్ల కార్బన్ మోనాక్సైడ్ ఉంటే అవి 60 నుంచి 240 నిమిషాల లోపల మోగేలా తయారవుతాయి. అంటే మేము లేచేసరికే, తక్కువలో తక్కువ గంటసేపు ఆ గాలి పీల్చి ఉంటాము. రంగూ వాసనా లేని ఆ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన బలంతో హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కిటికీ తీసినంత మాత్రాన ఒంట్లో చేరినది వెంటనే పోదు, పైన ఊడిన గొట్టం అతుక్కోదు.

తరువాత లైసెన్సు ఉన్న మరొక కాంట్రాక్టరును పిలిచి చూపించాము. లోపలి గొట్టం ఫర్నేస్ మూతి మీద కూర్చోకుండా ఒక పక్కకు ఒరిగి దాదాపు అర అంగుళం సందు వదిలిందనీ, వేడికి టేపు ఎండి విడిపోయిందనీ ఆయన చూపించారు. రూఫ్ జాక్‌లో ఒక గొట్టంలో మరొకటి ఉంటుంది: లోపలి దాని గుండా పొగ పైకి పోతుంది, రెండింటి నడుమ ఉన్న ఖాళీ గుండా మంటకు కావలసిన బయటి గాలి కిందికి వస్తుంది. లోపలి గొట్టం అతుకు వదిలితే పొగ ఆ గాలిలో కలుస్తుంది, ఫర్నేస్ తాను వదిలిన పొగనే తిరిగి పీలుస్తుంది, ఆక్సిజన్ చాలక మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంకా పెరుగుతుంది. పైగా మా ఇంట్లో, ఇలాంటి చాలా ఇళ్లలో ఉన్నట్లే, ఫర్నేస్ అర తలుపుకున్న జాలి గుండానే గదుల గాలి వెనక్కి వస్తుంది. ఆ అరలోకి కారినదంతా ఫ్యాన్ లాగి, నేల కింద ఉన్న డక్టుల ద్వారా ప్రతి పడకగదికీ పంచుతుంది. మా అత్తగారి మంచం మొదటి రిజిస్టరు (వేడి గాలి గదిలోకి వచ్చే నేల జాలీ) పక్కనే ఉంది.

ఇది మీకు తెలియని విషయం కాదు. బేస్‌మెంట్ గాలినే వాడుకునే ఫర్నేస్‌లు మామూలు ఇళ్లలో చాలా ఉన్నాయి. మీ పనివారికి ఆ అలవాటు ఉండవచ్చు. కానీ 1976 జూన్ 15 తరువాత అమెరికాలో తయారైన మాన్యుఫాక్చర్డ్ హోమ్‌లకు వర్తించే ఫెడరల్ ప్రమాణం, వంట పొయ్యి వంటి కొన్నింటిని మినహాయించి, గ్యాస్ మండే చోటికి ఇంటి లోపలి గాలితో ఎక్కడా సంబంధం లేకుండా పూర్తిగా వేరు చేయాలని చెబుతుంది. ఆ వేరు చేసే పని మా ఇంట్లో రూఫ్ జాక్‌దే. ఫర్నేస్‌తో వచ్చిన పుస్తకంలో ఏ రూఫ్ జాక్‌లు వాడాలో మోడల్ సంఖ్యలతో సహా ఉంది. మా పైకప్పు మీద ఉన్నది వాటిలో లేదు. మిషిగన్‌లో ఫర్నేస్ మార్చడానికి మెకానికల్ పర్మిట్, తనిఖీ అవసరం. విచారిస్తే మా చిరునామాకు అలాంటిదేదీ తీసుకోలేదని తేలింది. ఇన్‌స్పెక్టరు ఒక్కసారి వచ్చి చూసి ఉంటే ఆ టేపు అక్టోబరులోనే బయటపడేది.

కాబట్టి పాత రూఫ్ జాక్‌ను పూర్తిగా తీసివేసి, ఈ ఫర్నేస్ మోడల్‌కు తయారీదారు సూచించినదానినే కొత్తది తెచ్చి, గొట్టం నిట్టనిలువుగా నిలిచి మూతి మీద గట్టిగా కూర్చునేలా బిగించాలని కోరుతున్నాము. పైకప్పు దగ్గర ఫ్లాషింగ్ (గొట్టం చుట్టూ నీరు దిగకుండా వేసే రేకు) చుట్టూ నీరు కారిన మరకలు ఉన్నాయి కనుక అక్కడ సీలెంటు కొత్తగా వేయాలి. ఇక్కడి మంచుకు గొట్టం పైటోపీ కప్పబడిపోకుండా పుస్తకంలో చెప్పిన ఎత్తు పాటించాలి. పర్మిట్ మీ పేరుతో, మీ ఖర్చుతో తీసుకోవాలి. పని అయ్యాక పొగను పరికరంతో పరీక్షించి, వచ్చిన అంకెలను కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటి మాట మాకు చాలదు. ఎర్ర చీటీ పడిన నాటి నుంచి మేము కరెంటు హీటర్లతో గడుపుతున్నాము. ఆ ఖర్చూ, రెండో కాంట్రాక్టరుకు ఇచ్చిన సొమ్మూ మీరే భరించాలి.

ఇంకొక్క విన్నపం. ఈ శీతాకాలంలో మీ పనివారు ఇలాంటి ఇళ్లలో ఎక్కడెక్కడ ఫర్నేస్‌లు మార్చారో ఆ జాబితా తీసి, పాత రూఫ్ జాక్ ఉంచేసిన ప్రతి ఇంటికీ ఈ వారంలోనే మనిషిని పంపండి. అన్ని ఇళ్లలోనూ అలారం ఉంటుందన్న నమ్మకం లేదు. మా ఖర్చుల సంగతి రెండు రోజులు ఆలస్యమైనా ఓర్చుకుంటాము, ఇది ఆలస్యం చేయవద్దు.

ఈ ఉత్తరం అందిన 10 రోజులలోగా రాతపూర్వకంగా సమాధానం రాకపోతే, రాష్ట్రంలో మెకానికల్ కాంట్రాక్టర్ల లైసెన్సులు చూసే శాఖకు ఈ కాగితాలన్నీ పంపుతాము. ఎర్ర చీటీ నకలు, ఊడిన టేపు ఫోటోలు, రెండో కాంట్రాక్టరు నివేదిక, మీ బిల్లు నకలు దీనితో జతచేస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు
(మా అత్తగారి సంతకంతో కలిపి)