మెస్సీ బాకీ స్పెయిన్ వసూలు చేసుకుంది, మన ఫుట్‌బాల్ బాకీ ఎవరు తీరుస్తారు?

గౌరవనీయులైన తెలంగాణ క్రీడాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్.

అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ వచ్చి వెళ్లాడు. 2025 డిసెంబర్ 13 సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి గారు ఆయనతో కలిసి బంతి ఆడారు. ఆయన తోటి ఆటగాళ్లు సువారెజ్, డి పాల్ కూడా వచ్చారు. అదే రోజు పొద్దున కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కుర్చీలు విరిగి గొడవైంది, మన దగ్గర మాత్రం ప్రశాంతంగా జరిగింది. అందుకు పోలీసులకీ మీకూ మనస్ఫూర్తిగా అభినందనలు. టీవీ ముందు కూర్చుని నేనూ సంతోషపడ్డాను. నేను చూసిన ఆటగాళ్లలో మెస్సీని మించినవాడు లేడని నా నమ్మకం. 2022లో లుసైల్ స్టేడియంలో ఫ్రాన్స్ మీద ఆడిన ఆ ప్రపంచకప్ ఫైనల్ తర్వాత ఈ విషయంలో ఎవరితోనూ వాదించడం మానేశాను.

తర్వాత కొన్ని రోజులకు, నేను బస్తీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే మా గ్రౌండ్ గురించి ఇచ్చిన వినతిపత్రం ఏమైందో కనుక్కుందామని ఒక ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో రాయను, ఒక ఉద్యోగి మీద ఫిర్యాదు చెయ్యడం నా ఉద్దేశం కాదు. అక్కడున్నాయన, "మెస్సీనే తెచ్చారు కదండీ, ఫుట్‌బాల్‌కి ఇంకా ఏం చెయ్యమంటారు?" అన్నారు. వెటకారంగా అన్న మాట కాదు, ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. ఫుట్‌బాల్‌కి చెయ్యాల్సింది చేసేశాం, ఇక బాకీ లేదు అని. ఇన్నాళ్లూ కాగితాలు పట్టుకుని తిరిగినప్పుడు కలగని బాధ ఆ మాటతో కలిగింది. అందుకే ఈ లేఖ నేరుగా మీకు, అందరూ చూసేలా రాస్తున్నాను.

బాకీ అన్న మాట వచ్చింది కాబట్టి మెస్సీ బాకీ సంగతి ముందు చెప్తాను సార్. 2007 నుంచి 2009 వరకు ప్రకటనల మీద, ఇమేజ్ రైట్స్ (తన పేరు, ఫొటో వాడుకోనిచ్చే హక్కులు) మీద వచ్చిన ఆదాయాన్ని బెలీజ్, ఉరుగ్వే లాంటి చోట్ల పెట్టిన కంపెనీల మీదుగా తిప్పి, 41 లక్షల యూరోల పన్ను ఎగ్గొట్టారని స్పెయిన్ ప్రభుత్వం అప్పట్లో అక్కడి బార్సిలోనా క్లబ్బుకి ఆడుతున్న మెస్సీ మీద, ఆయన తండ్రి మీద కేసు వేసింది. 2013లోనే ఆ కుటుంబం 50 లక్షల యూరోలు కట్టేసింది. అయినా కేసు ఆగలేదు. 2016లో మెస్సీ బార్సిలోనా కోర్టు బోనెక్కి, నాకు ఆట తప్ప ఇంకేం తెలీదు, నాన్నను నమ్మి సంతకాలు పెట్టాను అని చెప్పుకున్నాడు. కోర్టు వినలేదు. 21 నెలల శిక్ష వేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. రెండేళ్ల లోపు శిక్ష, మొదటి తప్పు కాబట్టి జైలుకు వెళ్లే పని పడలేదు. చివరికి రోజుకి 400 యూరోల లెక్కన జైలు శిక్షకు బదులు 2.52 లక్షల యూరోల జరిమానా కట్టించుకున్నారు.

అప్పట్లో మా గ్రౌండ్ పక్క ఇరానీ హోటల్లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. అంతటి ఆటగాణ్ని కోర్టుకు ఈడుస్తారా అని కొందరు, దొంగ దొంగే అని కొందరు. మెస్సీ ఆడుతున్న క్లబ్బయితే, మనమందరం మెస్సీలమే అంటూ ప్రచారమే నడిపింది. రొనాల్డో అభిమానులు ఎగిరి గంతేశారు, తీరా 2019 జనవరిలో మాడ్రిడ్ కోర్టు రొనాల్డోకి కూడా 23 నెలల శిక్ష వేసి, దాదాపు 1.88 కోట్ల యూరోలు కట్టమనేసరికి వాళ్ల నోళ్లూ మూతపడ్డాయి. ఎవరు గొప్ప అన్న పంచాయితీలోకి పన్నుల గొడవ కూడా వచ్చి చేరింది.

నా మటుకు నాకు స్పెయిన్ చేసింది సరైన పని. మెస్సీ మీద నాకున్న ప్రేమ ఆ కేసు వల్ల వీసమెత్తు తగ్గలేదు, ప్రేమ ఉంది కదా అని పన్ను మాఫీ చెయ్యాలనీ అనిపించలేదు. బార్సిలోనాలో బస్సు నడిపే మనిషి పన్ను కడుతున్నప్పుడు మెస్సీ కట్టాల్సిందే. ఇటలీ ఇంకా గట్టిగా పట్టుకుంది. నేపుల్స్ ఊరికి 1987లో, 1990లో లీగ్ టైటిళ్లు తెచ్చిపెట్టిన మారడోనాని ఆ దేశపు పన్నుల శాఖ వదల్లేదు. 2009లో బరువు తగ్గడానికి క్లినిక్‌కి వస్తే చెవి పోగు తీసుకెళ్లి వేలం వేశారు. అంత దాకా పోవడం నాకు నచ్చలేదు, అది అవమానించడమే. పైగా 2024లో ఇటలీ అత్యున్నత కోర్టు ఆ కేసులో మారడోనాకి అనుకూలంగానే తీర్పు ఇచ్చింది. అప్పటికి ఆయన చనిపోయి మూడేళ్లు దాటింది. ఎవరికి ఎవరు బాకీ అన్నది ముప్పై ఏళ్లకు తేలింది. కనీసం అక్కడ తేల్చారు సార్.

మన దగ్గర తేల్చరు. సచిన్‌కి బహుమతిగా వచ్చిన ఫెరారీ కారుకు కోటికి పైగా కస్టమ్స్ సుంకం మినహాయిస్తే, జనం కోర్టుకెళ్లాక గానీ ఆ సొమ్ము కట్టలేదు, అది కూడా కారు ఇచ్చిన కంపెనీ కట్టింది. సచిన్ గొప్పతనాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. పెద్దవాళ్లు వచ్చినప్పుడు లెక్కల పుస్తకం మూసెయ్యడం మన ప్రభుత్వాలకు అలవాటు అంటున్నాను.

అందుకే మొదట అడిగేది ఇది. డిసెంబర్ 13 లెక్కలు జనం ముందు పెట్టండి. ఎన్ని టికెట్లు అమ్మారు, జీఎస్టీ ఎంత వచ్చింది, అందులో రాష్ట్రం వాటా ఎంత, బందోబస్తుకి, రోడ్లకి, ఏర్పాట్లకి ప్రభుత్వం నుంచి ఎంత ఖర్చయింది. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మెస్సీతో ఒక్క ఫొటోకి దాదాపు 10 లక్షలని పత్రికలు రాశాయి. ఆ డబ్బు మీద పన్ను ఎంత పడిందో చెప్పండి. విదేశీ ఆటగాడు ఇక్కడ ఆడినా, ప్రకటనల్లో కనిపించినా ఆదాయంలో 20 శాతం పన్ను కట్టాలని ఆ రోజుకి అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలో 115బీబీఏ సెక్షన్, దాన్ని ముందే కోసుకోవాలని 194ఈ సెక్షన్ ఉన్నాయి. అది ఢిల్లీ చూసుకునే పని అంటారు, నిజమే. మీరు అడిగితే వాళ్లు చెప్తారు, నేను అడిగితే చెప్పరు.

ఇక అసలు బాకీ సంగతి.

మీకు మా గ్రౌండ్ తెలియకపోవచ్చు. సికింద్రాబాద్‌లో బస్తీ మధ్యన ఉంటుంది. పొద్దున పిల్లలు వస్తారు, పాల ప్యాకెట్లు వేసి వచ్చేవాళ్లు ఉన్నారు, అమ్మతో పనికి వెళ్లాల్సినవాళ్లు ఉన్నారు. మాకు గోల్ పోస్టులు ఒకప్పుడు ఉండేవి. పెళ్లిళ్లకు, మీటింగ్‌లకు గ్రౌండ్ ఇవ్వడం మొదలుపెట్టాక ఎవరో పీకి పక్కన పడేశారు, తర్వాత అవి కూడా కనపడలేదు. షామియానా వేసినప్పుడల్లా అడుగు లోతు గుంతలు, మేకులు. ఫంక్షన్ అయిన మర్నాడు మా ప్రాక్టీసు ఎలా మొదలవుతుందో చెప్తాను. పిల్లలందరూ ఒక లైన్లో నిలబడి, చూపు నేల మీద పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తారు. దొరికిన మేకులు, సీసా పెంకులు ఒక పెయింట్ డబ్బాలో వేస్తారు. డబ్బా నిండాకే బంతి బయటికి తీస్తాం. అలా నడిచినా ఒక మేకు మిగిలిపోయి, మా రైట్ బ్యాక్ ఆడే అబ్బాయి కాల్లో దిగింది. ధనుర్వాతం ఇంజెక్షన్, డ్రెస్సింగ్, నెల రోజులు ఆట లేదు. బూటు వేసుకున్న కాల్లోనే దిగింది సార్, అట్టముక్క పెట్టి కుట్టించుకున్న బూటు అది.

మేం అడిగింది ఏమిటి? గ్రౌండ్‌ని ఫంక్షన్లకు ఇవ్వకండి, ఇస్తే శుభ్రం చేసే బాధ్యత ఫంక్షన్ చేసుకున్నవాళ్ల మీద పెట్టండి, రెండు గోల్ పోస్టులు నాటించండి. వినతిపత్రం ఇస్తే ఇంకో సెక్షన్‌కి పంపామన్నారు. అక్కడికి వెళ్తే ఫైలు రాలేదన్నారు. ఫొటోలు కావాలన్నారు, ఇచ్చాం. కార్పొరేటర్ లెటర్ కావాలన్నారు, తెచ్చాం. ఒకాయన మాత్రం కూర్చోబెట్టి టీ ఇచ్చి, గ్రౌండ్‌ని టర్ఫ్ (కృత్రిమ గడ్డి) చేసి గంటల లెక్కన అద్దెకిస్తే డబ్బులొస్తాయి, అప్పుడు మెయింటెనెన్స్ బాగుంటుంది అని సలహా చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు. కానీ గంటకి వెయ్యి రూపాయలు పెట్టి ఆడే పిల్లలు మా బస్తీలో లేరు.

ఇదేదో ఫుట్‌బాల్ తెలియని ఊరైతే సర్దుకుపోయేవాణ్ని. ఇది హైదరాబాద్. 1950 నుంచి 1954 దాకా దేశంలో పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఉన్న ఊరు. ఆ జట్టుకీ, ఇండియా జట్టుకీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఇక్కడివాడే. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు ఆయన చేతి మీదుగా వచ్చాయి. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్లాం. జకార్తా తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ మనకి బంగారం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, అప్పుడు కెప్టెన్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీనే.

తులసీదాస్ బలరాం గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, మా పిల్లలకి నేను చెప్పే పేరు అదే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపి చెప్పుకునేవాళ్లు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఈయనకు రాలేదు. ముప్పై ఏళ్లు నిండకుండానే జబ్బు చేసి ఆట వదిలేశాడు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయాడు. అదే ఏడాది ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ ఇక్కడే హైదరాబాద్‌లో పోయారు. 1977లో పీలే అమెరికా క్లబ్బు కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ ఆయన. ఇంతమందిలో ఎవరి పేరు చెప్పినా మా పిల్లలు "ఎవరు సార్?" అని అడుగుతారు. వాళ్ల తప్పు కాదు. వాళ్లకి ఎవరూ చూపించలేదు.

గొప్ప ఎవరు అన్న చర్చ మనం మెస్సీ, రొనాల్డో, మారడోనాల మధ్యే పెట్టుకుంటాం. మన గొప్పవాళ్లని ఆ చర్చలోకి రానివ్వం. రహీం సాబ్ బతికుండగా పద్మ రాలేదు, పోయాకా రాలేదు. ఆయన కొడుకు హకీం సాబ్, ఒలింపిక్స్ జట్టులో ఉన్నాయన, ఫిఫా రెఫరీ, 2021లో ఆయనా వెళ్లిపోయారు.

క్రికెటర్ సిరాజ్‌కి, బాక్సర్ నిఖత్ జరీన్‌కి డీఎస్పీ ఉద్యోగాలు ఇచ్చారు. పారా అథ్లెట్ దీప్తి జీవాంజికి కోటి రూపాయలు ప్రకటించారు. నూటికి నూరుపాళ్లు సరైన పనులు, ఇంకా ఇవ్వండి. కానీ ఫుట్‌బాల్ వచ్చేసరికి చెయ్యి ఎందుకు ముడుచుకుంటుందో అర్థం కాదు. 2022 మార్చిలో దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల బకాయిల్లో కూరుకుపోయి, చివరికి 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఛాంపియన్ క్లబ్బు ఊరు వదిలి వెళ్తుంటే ఒక్కరూ ఆపలేదు. క్లబ్బు వెళ్లిపోయిన ఆ సంవత్సరమే మెస్సీ వచ్చాడు. మా పిల్లలు రోజూ చూసి నేర్చుకోగలిగే ఆట పోయింది, ఒక్క సాయంత్రం చూసే ఆట వచ్చింది.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా జట్టుకు ఆడుతోంది, క్రొయేషియా క్లబ్బులోనూ ఆడి వచ్చింది. మా దగ్గర ఇద్దరు అమ్మాయిలు ఆమె పేరు విని చేరారు. వాళ్లు బట్టలు మార్చుకోవడానికి గ్రౌండ్‌లో ఒక గది లేదు. ఒకమ్మాయి వాళ్ల నాన్న అదే కారణం చెప్పి మాన్పించాడు. ఏ మొహం పెట్టుకుని పంపమని అడగను?

సార్, కోర్టుకెళ్లే స్తోమత మాకు లేదు. స్పెయిన్‌లో ప్రభుత్వం ఆటగాడి దగ్గర బాకీ వసూలు చేసుకుంది, ఇక్కడ ఆట ఆడేవాళ్లకి ప్రభుత్వం పడిన బాకీ అడగడానికి మాకున్నది ఈ కాగితమే. ఉప్పల్‌లో ఆ రోజు రాష్ట్రానికి వచ్చిన పన్ను డబ్బు ఎంతైతే అంత, జంట నగరాల బస్తీ గ్రౌండ్‌లకి ఇవ్వండి. ఫంక్షన్లకి ఫుట్‌బాల్ గ్రౌండ్‌లు ఇవ్వొద్దని ఒక్క ఉత్తర్వు రాయండి. రహీం సాబ్‌కి, బలరాంకి పద్మ ఇవ్వమని రాష్ట్రం తరఫున ఢిల్లీకి రాయండి, మరణానంతరం ఇచ్చిన సందర్భాలున్నాయి. గోల్ పోస్టులు రెండు చాలు. మళ్లీ చెప్తున్నాను, రెండు చాలు.

ఏ రోజు వచ్చినా సరే, పొద్దున 6 గంటలకల్లా మేం గ్రౌండ్‌లో ఉంటాం. ముందు చెప్పకుండా రండి, చెప్పి వస్తే మీకోసం శుభ్రం చేసేస్తారు.

ఇట్లు,
సికింద్రాబాద్‌లో బస్తీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఒక కోచ్