ఆగస్టు బట్టీలో ఏం జరిగిందంటే

అందరికీ నమస్కారం.

దసరాకి ఇస్తానన్న మట్టి పాత్రల ఆర్డర్లు దసరాకి ఇవ్వలేను. "కొంచెం ఆలస్యమవుతుందండీ" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు. మీరు డబ్బు ముందే ఇచ్చి నెలల తరబడి ఎదురు చూస్తున్నారు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆగస్టు మూడో వారంలో వేసిన బట్టీ పాడైపోయింది. అందులో 5 పురులు, 42 మగ్గులు ఉన్నాయి. నాలుగు పురులు ముక్కలైపోయాయి, ఐదోది మూతి దగ్గర పగిలింది. మగ్గుల్లో 17 మాత్రమే మిగిలాయి. కరెంటు పోలేదు, బట్టీ మొరాయించలేదు, మట్టిలో లోపం లేదు. తప్పు నాది.

పురి అంటే ఏంటో కొత్తవాళ్లకి చెప్పాలి. తణుకు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో నూర్పిళ్లయ్యాక, వరిగడ్డి తాడు చుట్టుకుంటూ ఎత్తు లేపి, అందులో ధాన్యం పోసేవాళ్లు. అదే పురి. నేను మట్టితో చేసేదీ అలాంటి పనే. బొటనవేలంత లావు మట్టి తాడు చుట్టు మీద చుట్టు పేర్చి, లోపలి నుంచి వేలితో నొక్కి అతుకుతాను. రోజుకి జానెడు మించి లేపను. కింది చుట్లు గట్టిపడకముందే పైన బరువు పెడితే పొట్ట జారిపోతుంది. మీకు రెండడుగుల పురి కావాలంటే నేను 27 అంగుళాలు కట్టాలి, ఎందుకంటే ఆరి, కాలేసరికి ఈ మట్టి 12 శాతం దాకా కుంచించుకుపోతుంది. పైన పూసే గ్లేజ్‌లో ఊక బూడిద కలుపుతాను. ఆ బూడిదలో 90 శాతం దాకా సిలికానే. 1240 డిగ్రీల దగ్గర కరిగి, గంజి వార్చినట్టు తెల్లగా పరుచుకుంటుంది. ఆ తెలుపు కోసమే నేను ఈ పనిలో ఉన్నాననిపిస్తుంది ఒక్కోసారి.

కానీ స్టూడియో అద్దె కట్టేది పురులు కాదు, మగ్గులు. అందుకే రెండూ కలిపి ఒకే బట్టీలో పెడుతూ వచ్చాను. 1971లో పుదుచ్చేరిలో డెబొరా స్మిత్‌తో కలిసి గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టిన రే మీకర్, ఆ తర్వాతి రోజుల్లో పచ్చి ఇటుకలతో ఇళ్లు కట్టి, ఆ ఇంటినే బట్టీగా చేసి లోపలి నుంచి కాల్చారు. ఇల్లు కాలే వేడితోనే లోపల పేర్చిన ఇటుకలు, పెంకులు కూడా కాలేవి, ఖర్చు కలిసొచ్చేది. ఆ లెక్క నాకు బాగా నచ్చింది. ఆ మంటని రోజుల తరబడి కాపు కాయడం కూడా ఆ లెక్కలో భాగమేనని నేను మర్చిపోయాను.

మగ్గు గోడ మందం 4 మిల్లీమీటర్లు. పురి అడుగు మందం 2 సెంటీమీటర్లు. పైకి పొడిగా తెల్లబడినా నడిమధ్య తేమ నిలిచే ఉంటుంది, వానాకాలంలో మరీను. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకి ఆనించి చూస్తాం. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ రోజు ఆనించాను, చల్లగానే తగిలింది. బయట ముసురు కదా, గాలే చల్లగా ఉందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దసరా డేట్ టెన్షన్ ఒకపక్క. అలాంటి బరువైన వాటిని రాత్రంతా 90 డిగ్రీల దగ్గరే ఆపి ఉంచాలి. నేను మగ్గుల ప్రోగ్రామే పెట్టి, అంటే గంటకి 100 డిగ్రీల చొప్పున వేడి పెంచేది, ఇంటికెళ్లి పడుకున్నాను. లోపలి నీరు ఆవిరైపోయి, బయటికి దారి లేక గోడల్ని పేల్చేసింది.

రెండో రోజు సాయంత్రం మూత తీశాను. ఒక మగ్గులో పురి పెంకు నిలువుగా గుచ్చుకుని ఉంది. చేతిలోకి తీసుకుంటే దాని లోపలి వైపు నా బొటనవేలి ముద్ర చెక్కుచెదరకుండా కాలి ఉంది. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అంటారు, అంటే కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్రకి ఒక్క దెబ్బ. ఈసారి గుదియ కూడా నా చేతిలోనే ఉంది.

ఇప్పుడు మీ ఆర్డర్ల సంగతి. మిగిలిన 17 మగ్గులు ముందు ఆర్డర్ ఇచ్చిన వాళ్లకి వరసగా ఈ నెలాఖరుకి పంపుతాను. మిగతా మగ్గులు నవంబర్ రెండో వారానికి వస్తాయి. పురులు సంక్రాంతికి, అంతకంటే ముందు కుదరదు. ఆగలేనివాళ్లు ఒక్క మెసేజ్ పెట్టండి, మొత్తం డబ్బు వారంలో తిరిగి పంపుతాను. కారణం చెప్పాల్సిన పని లేదు.

ఇకమీదట పురుల మొదటి కాల్పు, అంటే గ్లేజ్ పూయకముందు కాల్చేది, విడిగానే. దానివల్ల కరెంటు ఖర్చు పెరుగుతుంది, కాబట్టి కొత్త ఆర్డర్లకి మగ్గు 650 నుంచి 720 అవుతుంది. పాత ఆర్డర్లకి పాత ధరే.

పగిలిన పురిని తగ్గింపు ధరకి ఇమ్మని ఇద్దరు అడిగారు. ఇవ్వలేను. రెండో కాల్పులో ఆ పగులు ఇంకా తెరుచుకుంటుంది. ముక్కల్ని దంచి, జల్లించి కొత్త మట్టిలో కలుపుతున్నాను. కాలిన పొడి కలిస్తే మట్టి తక్కువ కుంచించుకుంటుంది, ఆవిరికి దారీ దొరుకుతుంది.

పేలిన నాలుగింటిలో ఒకటి, పొలం అమ్మేసి హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వచ్చేసిన ఒక పెద్దాయన కోసం ఆ అమ్మాయి చేయించుకున్నది. అందరికంటే ముందు ఆవిడకే ఫోన్ చేశాను. "నాన్నకి ఇంకా చెప్పలేదండీ, నెమ్మదిగానే చేయండి" అంది. ఆ పురి నిన్న మళ్లీ మొదలుపెట్టాను. ప్రస్తుతం జానెడు ఎత్తుంది, తడిగుడ్డ కప్పి వచ్చాను.