రాకాసి గుళ్ళను రికార్డులోకి ఎక్కించండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి చెరువు వెనక మెట్టభూమిలో గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద గుండ్లు ఆరేడు చోట్ల ఉండేవి. రాకాసి గుళ్ళు అనేవాళ్ళం. పొద్దుగూకాక పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్ళు కాదు. మొన్నటి ఎండాకాలం వెంచర్ కోసం జేసీబీ పెట్టి చదును చేశారు. ఇప్పుడు రెండే మిగిలాయి. తవ్విపోసిన మట్టిలో నాకొక కుండపెంకు కనిపించింది. లోపల నల్లగా, బయట ఎర్రగా, తడిమితే నున్నగా ఉంది. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడక అలా నలుపెక్కుతుందట.

ఇవి రాకాసులవి కావు, రెండు వేల ఏళ్ళకు పైబడిన ఇనుప యుగం మనుషుల సమాధులు. రాతి పలకలతో పెట్టెలా గూడు కట్టి, కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు పెట్టేవాళ్ళు. చాలా గూళ్ళలో పూర్తి శవం ఉండదు. ముందు శవాన్ని వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి ఇక్కడ పెట్టేవాళ్ళు. మా నాన్న పోయిన మూడో రోజు మేమూ బూడిదలో ఎముకలు ఏరి కుండలో పెట్టుకున్నాం. ఆ పెంకు పట్టుకోగానే నాకదే గుర్తొచ్చింది.

కాల్చారా, పూడ్చారా, ఆరుబయట ఉంచారా అన్నది ఎముకల మీది గుర్తులను, అవి పడి ఉన్న తీరును బట్టే తేలుతుంది. జేసీబీ బకెట్ ఒక్కసారి తిరిగితే ఆ తీరు చెదిరిపోతుంది, మళ్ళీ రాదు. గుప్తనిధులని రాత్రిపూట తవ్వేవాళ్ళు చేసేదీ అదే.

2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే, ఒక సమాధి మీది బండే 40 టన్నులు దాటింది. దాన్ని ఎత్తడానికి క్రేన్ తేవాల్సి వచ్చింది. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. చాలా సంతోషం. కానీ పేరు లేని ఊళ్ళలోని రాళ్ళ సంగతేమిటి?

లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు పురావస్తు శాఖ మనిషి ఒక్కసారి వచ్చి చూడాలి. ఈ సమాధులున్న సర్వే నంబర్లను రెవెన్యూ రికార్డులో గుర్తించాలి. పంచాయతీ ఒక బోర్డు పెడితే ఊరివాళ్ళే కాపాడుకుంటారు. మా ఊళ్ళో మిగిలిన రెండు వలయాల చుట్టూ ప్లాట్లకు హద్దురాళ్ళు పాతడం అయిపోయింది. అధికారులు ఈ నెలలోనే రావాలని వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు, సిద్దిపేట జిల్లా