ఇవన్నీ నీకు తెలుసు కదా అన్నావు

ఒరేయ్ బావా,

పోయిన ఆదివారం ఫోన్‌లో నువ్వన్న ఒక మాట నన్నింకా వదల్లేదు. తమ్ముడి పెళ్లై మూడేళ్లైంది, ఇంకా విశేషమేమీ లేదు, అమ్మ దిగులు పెట్టుకుంది, ఒకసారి వాడితో మాట్లాడరా, ఇవన్నీ నీకు తెలుసు కదా అన్నావు. తప్పుగా అన్నావని కాదురా. ఇన్నేళ్ల స్నేహంలో మాకు పిల్లలు కలగని సంగతి నువ్వు నా దగ్గర ఎత్తడం ఇదే మొదటిసారి. నన్ను బాధపెట్టడం ఎందుకని నువ్వు ఊరుకున్నావు, నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనూ ఊరుకున్నాను. సరే చూద్దాంలే అని ఫోన్ పెట్టేశాను గానీ, నాకు తెలిసింది నాలుగు ముక్కల్లో తేలేది కాదు. తీరిగ్గా చదువు. చెల్లెమ్మకి కూడా చూపించు.

మేం పిల్లలు వద్దనుకున్నామని చాలామంది అనుకుంటారు. ఇద్దరికీ మంచి ఉద్యోగాలు, సొంత ఇల్లు, హాయిగా బతకాలని అలా నిర్ణయించుకున్నారని. బావా, మా ఇంట్లో "వద్దు" అన్న మాట ఒక్కరోజూ వినపడలేదు. వినపడిందల్లా "ఇప్పుడే కాదులే" అన్న మాట. పెళ్లైన కొత్తలో నేను ఉద్యోగం మారాను, ప్రొబేషన్ అయ్యేదాకా ఆగుదాం అనుకున్నాం. తర్వాత మీ చెల్లెలికి ప్రమోషన్ రావాల్సిన ఏడాది, అప్పుడు సెలవు పెడితే అది చేజారిపోతుందని భయం. ఆ తర్వాత ఆమెకి వేరే ఊరు ట్రాన్స్‌ఫర్, రెండేళ్లు శని ఆదివారాల కాపురం. ఆ వెంటనే ఇంటి లోన్. ప్రతిసారీ కారణం గట్టిదే. ఏ ఒక్కటి విడిగా తీసి చూసినా, ఇప్పుడైనా అదే చేస్తానేమో. అన్నీ కలిపితే ఎనిమిదేళ్లు. మేం డాక్టర్ ముందు కూర్చునేసరికి ఆమెకు 36, నాకు 39.

ఆ రోజు డాక్టర్ చెప్పిన సంగతులు అంతకు ముందు మాకు ఎవరూ చెప్పలేదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే ఆమెలో 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి, తర్వాత కొత్తవి తయారు కావు. వయసుతో తగ్గుతూ వస్తాయి, 35 దాటాక ఇంకా వేగంగా తగ్గుతాయి, నాణ్యత కూడా పడిపోతుంది. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలు చేయించుకోవాలి, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. పాలసీ కట్టే తేదీలు, కారు సర్వీసింగ్ తేదీలు ఫోన్‌లో రాసి పెట్టుకున్న మనుషులం. దీనికీ ఒక గడువు ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

ఇప్పుడు నువ్వు తమ్ముడికి తప్పకుండా చెప్పాల్సిన మాట. పరీక్షలంటూ మొదలుపెడితే ముందు వాడు చేయించుకోవాలి. మా విషయంలో మొదటి పది నెలలూ పరీక్షలన్నీ మీ చెల్లెలికే. రక్తం, స్కానింగులు, అండం గర్భాశయంలోకి వచ్చే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడటానికి గర్భాశయంలోకి మందు పంపి తీసే ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే అయ్యాక కారులో సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకుంది, ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అన్నీ నార్మల్ అని వచ్చాక గానీ నా వంతు రాలేదు. నా పరీక్ష ఎంతని? రెండు నుంచి ఏడు రోజులు ఆగి ఒక చిన్న డబ్బాలో వీర్యం శాంపిల్ ఇవ్వడం. సూది లేదు, నొప్పి లేదు. మర్నాడు రిపోర్టు వచ్చింది. వీర్యకణాల కౌంట్ తక్కువ, వాటి కదలిక ఇంకా తక్కువ. మొదటి వారమే ఇచ్చి ఉంటే ఆ పది నెలలు మాకు మిగిలేవి.

నన్ను ఎవరూ అడగలేదు, నిజమే. నేనూ ముందుకు రాలేదు. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందికి మగవాడి వైపు కూడా కారణం ఉంటుందిరా. అయినా గొడ్రాలు అన్న మాట మన నోళ్లలో నాని ఉంది. మగవాణ్ని అలా పొడిచే మాట వాడుకలో ఒక్కటి చెప్పు చూద్దాం. పేరే లేని లోపాన్ని ఎవరు వెతుకుతారు? నా రిపోర్టు వచ్చాక కూడా బంధువులంతా ఆమెకే సలహాలు చెబుతుంటే మూడు నెలలు నోరు మెదపకుండా కూర్చున్నాను. ఒకరోజు ఒక పెద్దావిడ ఆమెను పక్కకు పిలిచి ఏదో చెబుతోంది. ఆమె తలొంచుకుని వింటోంది. దగ్గరికి వెళ్లి "లోపం నాదండీ, తనది కాదు" అన్నాను. ఆ రాత్రి మీ చెల్లెలు "ఆలస్యంగా అన్నావు, అయినా అన్నావు" అంది. ఆ మొదటి సగం నేను మర్చిపోను.

నాలాంటి వాళ్లకి ఐవీఎఫ్‌లోనే, అంటే అండాన్ని ఒంటి బయట ల్యాబ్‌లో ఫలదీకరణ చేసే వైద్యంలోనే, ఇక్సీ అనే పద్ధతి ఉంది. ఒక్క వీర్యకణాన్ని సన్నటి సూదితో నేరుగా అండంలోకి పంపుతారు. 1992లో బ్రస్సెల్స్ డాక్టర్లు ఈ పద్ధతితో వచ్చిన మొదటి గర్భాల గురించి ప్రకటించారు. అంతకు ముందైతే దాత వీర్యం తప్ప పెద్దగా దారి లేదు. అసలు ఐవీఎఫ్‌తో మొదటి బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టింది 1978 జూలై 25న. రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు దానికి నోబెల్ ఇచ్చింది 2010లో. ఆయనతో కలిసి పనిచేసిన డాక్టర్ ప్యాట్రిక్ స్టెప్టో, ల్యాబ్ చూసుకున్న జీన్ పర్డీ అప్పటికే చనిపోయారు. మాకు బిడ్డ దక్కకపోయినా ఆ ముగ్గురి మీద నాకు గౌరవం తగ్గలేదు. ప్రయత్నించడానికంటూ ఒక దారి ఉందంటే వాళ్ల వల్లే.

ఒక్క రాత్రి గురించి చెప్పాలి. పది పన్నెండు రోజులు పొట్టకి ఇంజక్షన్లు చేశాక చివర్లో అండాలు పక్వానికి రావడానికి ట్రిగ్గర్ ఇంజక్షన్ అని ఒకటి ఉంటుంది. దానికి టైం చాలా ముఖ్యం. అది చేశాక 34 నుంచి 36 గంటల మధ్య అండాలు బయటికి తీస్తారు, లెక్క తప్పితే అన్ని రోజుల కష్టమూ పోవచ్చు. మాకు రాత్రి తొమ్మిదిన్నరకి చెయ్యమన్నారు. తొమ్మిదింటికి మా మేనేజర్ అర్జెంట్ కాల్ పెట్టాడు. ఇంట్లో పనుంది అన్నాను. "మీ ఇంట్లో చిన్నపిల్లలు కూడా లేరు కదా, పది నిమిషాలే" అన్నాడు. ఆయనకు సంగతి తెలీదు, నేను చెప్పలేదు. తొమ్మిది ఇరవై ఐదు అయినా కాల్ అవలేదు. మైక్ మ్యూట్ చేసి, ల్యాప్‌టాప్ వంటగది గట్టు మీద పెట్టి, ఫ్రిజ్ తలుపు అరలోంచి ఆ చిన్న అట్టపెట్టె తీశాను. మీ చెల్లెలు కుర్చీలో కూర్చుని గోడ గడియారం వైపే చూస్తోంది. పొట్ట మీద అప్పటికే నాలుగైదు చోట్ల కమిలిపోయి ఉంది. వాటిని తప్పించి చోటు వెతికి, దూదితో తుడిచి, చర్మం రెండు వేళ్లతో పట్టుకుని సూది దించాను. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్‌లోంచి నా పేరు పిలిచారు. ఒకసారి, రెండుసార్లు. మందు మొత్తం లోపలికి వెళ్లేదాకా బొటనవేలు తియ్యలేదు. సూది బయటికి తీయగానే ఆమె "ముందు వాళ్లకి జవాబు చెప్పు" అంది.

మొత్తం మూడుసార్లు చేయించాం. రెండోసారి నిలిచింది, ఏడో వారంలో పోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను. మూడోసారి తర్వాత ఆమె చాలు అంది, నేను సరే అన్నాను.

ఆ మేనేజర్ మీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను బావా. తర్వాత క్లాడియా గోల్డిన్ గురించి చదివాను. 2023లో ఆర్థికశాస్త్రం నోబెల్ ఆవిడకే వచ్చింది. కొన్ని ఉద్యోగాలకి అత్యాశ ఎక్కువ అంటుందావిడ. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్లకి, రాత్రనీ ఆదివారమనీ చూడకుండా చేసేవాళ్లకి, చేసిన గంటల లెక్కను మించి జీతం పెంచుతాయి. ఇంట్లో బిడ్డ పుడితే ఇద్దరిలో ఒకరు అలాంటి ఉద్యోగం వదులుకుని ఇల్లు చూసుకోవాలి, ఎక్కువగా ఆడవాళ్లే వదులుకుంటారు. అది చదువుతుంటే మా ఎనిమిదేళ్లూ కళ్లముందు తిరిగాయి. నా టీంలో ఒకమ్మాయి రోజూ ఐదింటికి క్రెష్ నుంచి బాబుని తెచ్చుకోవాలని వెళ్లిపోతుంది, మిగిలిన పని నా మీద పడుతుంది. పండగ సెలవుల్లో డ్యూటీ కూడా నాకే. నీకు ఫ్యామిలీ లేదు కదా అంటారు. నేనూ మీ చెల్లెలూ కలిసి ఉంటే దాన్ని ఏమంటారో మరి! ఒకప్పుడు ఆ అమ్మాయి మీద చిరాకు పడేవాణ్ని. కానీ బిడ్డ ఉన్నందుకు ఆమెకు ప్రమోషన్ ఆగింది, బిడ్డ లేనందుకు నా రాత్రులు పోయాయి. ఇద్దరం నష్టపోయింది ఒకే చోట. ఆమెతో నాకు తగువేంటి?

అత్తయ్య ఇదంతా ఈ కాలం ఆడపిల్లల చదువుల వల్లే అంటోందని చెప్పావు. 1900 ప్రాంతంలో పుట్టిన అమెరికా ఆడవాళ్లలో, పశ్చిమ యూరప్‌లో చాలాచోట్ల కూడా, సుమారు ఐదో వంతు మందికి పిల్లలు లేరు. యుద్ధం, ఆర్థిక మాంద్యం, పెళ్లిళ్లు కాకపోవడం. రోజులు కుదరనప్పుడు మనుషులు అప్పుడూ ఆగారు. ఇప్పుడు దక్షిణ కొరియా చూడు. జనాభా నిలకడగా ఉండాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలుండాలి, అక్కడ 2023లో అది 0.72. ప్రభుత్వం ఏళ్ల తరబడి డబ్బు పోసినా పని గంటలు, ఇళ్ల ధరలు, చదువుల పోటీ అలాగే ఉన్నాయి. స్వీడన్ 1974లోనే తల్లికి మాత్రమే ఉన్న సెలవుని తండ్రికీ పంచింది. ఇప్పుడు ఇద్దరికీ కలిపి 480 రోజులు, అందులో 90 రోజులు ఒక్కొక్కరికీ విడిగా కేటాయించినవి, ఒకరివి ఇంకొకరు వాడుకోలేరు. అక్కడా ఈమధ్య జననాలు తగ్గాయి కాబట్టి సెలవులిస్తే అంతా సర్దుకుంటుందని అనను. కానీ నాకూ అలాంటి 90 రోజులు ఉండి ఉంటే, ఆ ప్రమోషన్ ఏడాది మీ చెల్లెలు ఒక్కతే లెక్కలు వేసుకుంటూ కూర్చునేది కాదు.

ఇంకో సంగతి. నిజంగానే పిల్లలు వద్దనుకున్న జంటలు కూడా నాకు తెలుసు. ఆలోచించి, ఇద్దరూ మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయం అది. వాళ్లని చూసి జాలిపడితే వాళ్లకి ఒళ్లు మండుతుంది, మమ్మల్ని చూసి "మీకేం, హాయి" అంటే మాకు గుండె కలుక్కుమంటుంది. బయటి నుంచి చూస్తే రెండిళ్లూ ఒకలాగే ఉంటాయి. తలుపు తీసి చెబితే తప్ప ఏది ఏదో తెలీదు.

మీ తమ్ముడి ఇల్లు ఎలాంటిదో నీకూ నాకూ తెలీదు. వాళ్లింకా మొదలే పెట్టలేదేమో. మొదలుపెట్టి ఎవరికీ చెప్పుకోలేక పోతున్నారేమో. వద్దనే అనుకున్నారేమో. కాబట్టి "ఎప్పుడు" అని అడగకు. నేనూ అడగను. ఒకవేళ ప్రయత్నిస్తున్నారంటే ఆ శాంపిల్ పరీక్ష సంగతి మాత్రం చెప్పు. సిగరెట్లు మానెయ్యమను, వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, ఇవాళ మానితే ఫలితం తెలిసేది మూడు నెలలకి. ప్రపంచంలో పెద్దవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అది కూడా చెప్పు, సిగ్గుపడి దాచుకోకుండా ఉంటాడు. ఇక అత్తయ్యతో, ఫోన్ చేసినప్పుడల్లా కోడల్ని విశేషాలు అడగొద్దని నువ్వే చెప్పాలి. కొడుకు చెబితేనే వింటుంది. ఒంట్లో ఎలా ఉంది, ఆఫీసులో పని ఎలా ఉంది అని అడిగితే ఆ పిల్ల తనంతట తనే ఏదైనా చెబుతుందేమో.

సెలవులకి అల్లుణ్ని పంపిస్తానన్నావు, మాట మార్చకు. మీ చెల్లెలు అప్పుడే వాడి కోసం గది సర్దడం మొదలుపెట్టింది.

తమ్ముడికి నా నంబర్ ఇవ్వు. మాట్లాడాలనిపిస్తేనే చెయ్యమను. రాత్రి తొమ్మిది దాటాక అయితే మంచిది. ఆ ట్రిగ్గర్ ఇంజక్షన్ అయిన దగ్గర్నుంచి ఆ టైంకి నేను ఆఫీసు ఫోన్ కట్టేస్తున్నాను.

నీ
బావ