ఇంటర్నల్ మార్కులు తీసేయొద్దు, నిజంగా వేయించండి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి ఇంటర్నల్ మార్కుల (ప్రతి సబ్జెక్టులో వందకు 20, బడిలో టీచర్లే వేసేవి) విషయంలో తెలంగాణ ప్రభుత్వం ఊగిసలాడిన తీరు అందరం చూశాం. 2024 నవంబరులో, బడులు సగం ఏడాది నడిచాక, ఆ 20 మార్కులు తీసేస్తున్నాం, వందకు వందా రాత పరీక్షే అన్నారు. మర్నాడే, ఇప్పుడు కాదు వచ్చే ఏడాది నుంచి అన్నారు. తీరా 2025లో మళ్లీ రాత పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 అనే పాత పద్ధతే ఉంటుందన్నారు. ఉంచడం మంచి పనే. కానీ ఇప్పుడు నడుస్తున్న తీరులో అయితే అవి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ 20 మార్కుల కోసం ఏడాదిలో నాలుగు ఎఫ్ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే చదువు సాగుతుండగానే బడిలో చేసే మదింపులు) పెట్టమన్నది ఎందుకు? పిల్లవాడు క్లాసులో ఎలా ఆలోచిస్తున్నాడు, సొంతంగా ఏం రాస్తున్నాడు, ప్రాజెక్టు ఎలా చేశాడు, స్లిప్ టెస్టులో ఎక్కడ తడబడ్డాడు అనేది మార్చి దాకా ఆగకుండా ముందే తెలియాలని. జరుగుతున్నది వేరు. చాలా ప్రైవేటు స్కూళ్లలో క్లాసులో అందరికీ 20కి 20, లేదా 19. ప్రాజెక్టులు ఒకరిది చూసి ఒకరు దించేస్తారు. తనిఖీకి వచ్చినవాళ్లు రికార్డులు తిరగేసి సంతకం పెట్టి వెళ్లిపోతారు. సర్కారు బళ్లలోనూ, పక్క స్కూలు వాళ్లు వేసుకుంటుంటే మన పిల్లలకెందుకు నష్టం అని ఇదే దారి పట్టారు, ఎందుకంటే బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి ఫలితం మీదే వస్తుంది, అక్కడ ఒక్క మార్కు తేడా కూడా పేదింటి పిల్లకు చాలా పెద్దది.

దీనివల్ల నష్టపోయేది కష్టపడే పిల్లలే. రాత్రి కూర్చుని సొంతంగా ప్రాజెక్టు చేసుకొచ్చిన అమ్మాయికీ, అట్ట మార్చి తెచ్చినవాడికీ అవే మార్కులు వేస్తే ఆ అమ్మాయి రెండోసారి ఎందుకు చేస్తుంది? వెనకబడ్డ పిల్లవాడికీ అంతే, 20కి 20 చూసుకుని అంతా వచ్చేసిందనుకుంటాడు, ప్రీఫైనల్లో బీజగణితం దగ్గర ఆగిపోయాక టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి చెప్పడానికి మాకు టైం ఉండదు.

2025లో జీపీఏ (గ్రేడు పాయింట్ల సగటు) తీసేసి మెమోల మీద మార్కులు ఇచ్చారు. అదీ సరైనదే, 91కీ 100కీ ఒకే పది పాయింట్లు అంటే ట్రిపుల్ ఐటీ సీట్ల దగ్గర సమానంగా ఉన్నవాళ్లను వేరు చేయడానికి పుట్టిన తేదీ దాకా వెళ్లాల్సి వచ్చేది. అయితే అంకెలైనా అక్షరాలైనా పిల్లవాడికి తప్పెక్కడుందో చెప్పవు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో, మార్కులు లేకుండా వ్యాఖ్య మాత్రమే రాసిచ్చిన పిల్లలు మెరుగుపడ్డారు, మార్కు కూడా పక్కన వేస్తే ఆ లాభం కనిపించలేదు. మార్కు కనబడ్డాక కింద రాసింది ఎవరూ చదవరని మా క్లాసుల్లోనూ చూస్తున్నదే.

అందుకే విద్యాశాఖను అడుగుతున్నాను. ఎఫ్ఏ పేపర్లు వారంలోపు పిల్లలకు తిరిగివ్వాలి, ముందు వ్యాఖ్య, తర్వాతే మార్కు. ఏ స్కూల్లో ఇంటర్నల్స్ సగటు ఎంత, రాత పరీక్ష సగటు ఎంత అనేది ఫలితాల రోజే పక్కపక్కన పెట్టి ప్రకటించాలి. రెంటికీ పొంతన లేని స్కూళ్లకు మరుసటి ఏడాది వేరే మండలం టీచర్లను పంపి ఇంటర్నల్స్ వేయించాలి. ఇక ఏ మార్పు చేసినా జూన్‌లో బడి తెరిచేలోపే చెప్పండి, నవంబరులో కాదు.

— ఒక లెక్కల ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా